చోక్ లాగి నడిపిన బండి

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: 1 సమూయేలు 15వ అధ్యాయము, మత్తయి సువార్త 5:23, 24

 

ఈ రోజు మీతో ఒక పాత కారు సంగతి మాట్లాడాలని ఆశిస్తున్నాను. వాక్యం చెప్పడానికి వచ్చి కారు సంగతి ఎందుకని ఎవరూ అనుకోవద్దు. మన ప్రభువు పులిసిన పిండిని చూపించి పరలోక రాజ్యమును గూర్చి చెప్పాడు. దీపమును, వలను, పాత వస్త్రానికి వేసే మాసికను చూపించి చెప్పాడు. ఆయన నాకు ఒక పాఠం చెప్పడానికి మా ఇంటి ముందున్న పాత అంబాసిడరును వాడుకున్నాడు. ఆ పాఠం నాకు సిగ్గు కలిగించింది. అయినా దాచకుండా చెబుతాను.

మాది గరివిడి. విజయనగరం నుండి పలాస వైపు రైలులో వెళ్ళేవారికి మా స్టేషను తెలుసు. మా ప్రాంతపు నేలలో మాంగనీసు ఉంది. 1892లోనే పక్కన కోడూరులో ఆ గనుల పని మొదలయింది. 1950వ దశకంలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం మా ఊరికి వచ్చింది. ఆ రోజుల్లో కారంటే మాకు అంబాసిడరే. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దాన్ని తయారు చేశారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దానికి మూలం. 2014లో దాని తయారీ ఆగిపోయింది.

మా బండి 1972 నాటి మార్క్ టూ. 1489 సీసీ పెట్రోలు ఇంజను. 1984లో మా నాన్నగారు దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. 50 ఏళ్ళు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న బండ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయితే అలా నమోదైన బండిని రోజువారీ పనికి రోడ్డు మీద తిప్పకూడదు. నేను ఆదివారం రెండు మూడు పల్లెలు తిరగాలి గనుక మా బండిని మామూలు రిజిస్ట్రేషనుతోనే ఉంచాను. వయస్సుకు వింటేజి, పనికి మాత్రం కూలివాడు.

ప్రియులారా, ఈ కాలపు కార్లలో లేని పరికరం ఒకటి ఆ బండిలో ఉంది. దాని పేరు చోక్. డ్రైవరు ముందు చిన్న గుండీ ఉంటుంది. దాన్ని బయటికి లాగితే ఒక తీగ ఇంజను దగ్గర కార్బురేటరును కదిలిస్తుంది. ఒక కిలో పెట్రోలు సరిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు. లోపలి గోడలకు తడిగా అంటుకుపోతుంది. అందుచేత చలిలో బండి లేవాలంటే పెట్రోలు పాలు పెంచాలి. కొన్ని బండ్లలో చోక్ లాగితే గాలి వచ్చే నోటికి ఒక రేకు అడ్డం పడుతుంది. మా బండికి ఉన్న ఎస్‌యూ రకం కార్బురేటరులో రేకు లేదు. చోక్ లాగితే పెట్రోలు జెట్టు కిందికి దిగి, సూది చుట్టూ సందు పెరిగి, పెట్రోలు ఎక్కువ వస్తుంది.

చోక్ మంచిదే. కాని అది లేపడానికి మాత్రమే, నడపడానికి కాదు. ఇంజను వేడెక్కగానే గుండీని లోపలికి నెట్టెయ్యాలి.

నేను నెట్టలేదు. అక్కడే నా కథ మొదలయింది.

రెండేళ్ళ క్రిందట చలికాలంలో మా బండికి ఒక జబ్బు పట్టింది. ఇంజను లేచేది. కాని చోక్ లోపలికి నెట్టగానే ఎగిరెగిరి కొట్టుకొని ఆగిపోయేది. గేటు దగ్గర ఆగితే ఆగిపోయేది. మలుపులో కాలు తీస్తే ఆగిపోయేది. నేనొక ఉపాయం కనిపెట్టాను. గుండీని సగం బయటే ఉంచి, కదలకుండా ఒక బట్టల క్లిప్పు పెట్టాను. బండి ఆగడం మానేసింది. సమస్య తీరిందనుకున్నాను! అలా నాలుగు నెలలు నడిపాను. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. వెనుక నల్లటి పొగ. వెనుక సీటులో కూర్చున్న మా సంఘపు పెద్దమ్మ ఒకామె, “అయ్యగారూ, కళ్ళు మండుతున్నాయండీ” అనేది. పాత బండి కదమ్మా, వయస్సు మీద పడింది అని చెప్పేవాణ్ణి.

గమనించండి, చెడింది బయటపడకుండా చేసుకొని, బాగయిందని పేరు పెట్టుకున్నాను.

చివరికి ఒక సాయంత్రం చీపురుపల్లి రోడ్డులో బండి పూర్తిగా నిలిచిపోయింది. ఎంత లాగినా లేవలేదు. నలుగురు యౌవనస్థులు నెట్టుకొని ఒక మేస్త్రి షెడ్డుకు చేర్చారు. ఆ మేస్త్రి మన సంఘస్థుడు కాదు, విశ్వాసి కాదు. పెద్ద వయస్సువాడు, పాత బండ్ల పని తెలిసినవాడు. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు డ్రైవరు తలుపు తీసి ఆ బట్టల క్లిప్పు చూశాడు.

“ఏటండీ అయ్యగారూ, ఇదెందుకెట్టారు?”

“చోక్ లోపలికి నెడితే బండి ఆగిపోతోంది మేస్త్రీ.”

ఆయన నవ్వాడు. “నెడితే ఆగిపోతందంటే రోగం చోకులో లేదండి. ఎక్కడో దొంగగాలి లాగేత్తంది. తమరు దానికి పెట్రోలు పోసి నోరు మూయిత్తన్నారు.”

ప్రియులారా, ఆ మాట నాకు ఆ సాయంత్రం అర్థం కాలేదు. మరునాడు ఆయన పని చేస్తుండగా పక్కన ముక్కాలిపీట మీద కూర్చొని చూశాను. అప్పుడు అర్థమయింది.

ముందు నాలుగు ప్లగ్గులు విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. మొదటి రెండు మసిబొగ్గులాగా నల్లగా ఉన్నాయి. చివరి రెండు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. “చూశారా, ఒకే ఇంట్లో ఇద్దరికి తిండెక్కువ, ఇద్దరికి పస్తు” అన్నాడు. ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లున్నా గాలి, పెట్రోలు లోపలికి పోయే ద్వారాలు రెండే. ముందున్న రెండు సిలిండర్లకు ఒక ద్వారం, వెనుకనున్న రెండింటికి ఒకటి. కార్బురేటరు నుండి ఆ ద్వారాలకు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని మోసుకొచ్చే గొట్టమే ఇన్‌టేక్ మానిఫోల్డు. అది ఇంజనుకు అతుక్కునే చోట మధ్యలో గాస్కెట్టు ఉంటుంది. వెనుక ద్వారం దగ్గర ఆ గాస్కెట్టు చెడితే బయటి గాలి అక్కడి నుండి దూరుతుంది. వెనుక సిలిండర్లకు పెట్రోలు చాలదు. దాన్ని సరిపెట్టాలని చోక్ లాగితే ముందు సిలిండర్లకు పెట్రోలు మితిమీరుతుంది. చెడిన చోటు అలాగే ఉండిపోయింది. బాగున్న చోటు కూడా చెడింది!

తరువాత ప్లగ్గులు శుభ్రం చేసి బిగించి, ఇంజను లేపి, నెమ్మదిగా తిరగనిచ్చాడు. ఒక రబ్బరు గొట్టం తీసుకొని ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండవ కొనను మానిఫోల్డు అతుకు వెంబడి జరిపాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. నేనూ చెవి పెట్టాను. “స్స్” మని పాము బుసలాంటి శబ్దం. నాలుగు నెలలుగా ఆ శబ్దం అక్కడే ఉంది. నేను వినలేదు.

“మేస్త్రీ, రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఇది తెలియలేదే?” అన్నాను.

“వేగంలో తెలీదండి. కాలు తీసి, ఇంజను ఊరక తిరుగుతున్నప్పుడే లోపల పీలుపు ఎక్కువ. అప్పుడే తెలుత్తది” అన్నాడు.

ఆపైన కుంచెతో కొంచెం ఇంజను ఆయిలు ఆ అతుకు మీద పూశాడు. మిగతాచోట్ల ఆయిలు నిలిచి ఉంది. వెనుక ద్వారం దగ్గర మాత్రం లోపలికి పీల్చుకుపోయింది. క్షణంపాటు ఇంజను కొట్టుకోవడం ఆగి సాఫీగా తిరిగింది, వెనుక నీలిపొగ వచ్చింది. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారట. మన శ్రోతల్లో ఎవరూ అలా చేయవద్దని ఆయన మాటగా చెబుతున్నాను. ఆ ఇంజనులో పొగ పోయే ఎగ్జాస్టు మానిఫోల్డు కూడా అదే పక్కన, అదే గాస్కెట్టు మీద, నిప్పులా కాలుతూ ఉంటుంది. చివరికి వాక్యూమ్ గేజి పెట్టి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ముల్లు 17కు 21కి మధ్య నిలవాలట. మాది 12 దగ్గర ఉంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోలు వాసన. ఎక్కువైన పెట్రోలు మండకుండా సిలిండరు గోడలు కడిగేసి, కిందికి దిగి, ఆయిలును నీళ్ళలా చేసింది. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే ఇంజనే అరిగిపోయేది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ పీట మీద కూర్చొని ఉండగా నాకు సౌలు రాజు గుర్తుకు వచ్చాడు. సమూయేలు మొదటి గ్రంథము పదిహేనవ అధ్యాయము చదవండి. దేవుడు చెప్పిన పని సౌలు సగమే చేశాడు. మంచి గొఱ్ఱెలను, ఎద్దులను మిగుల్చుకున్నాడు. సమూయేలు తన దగ్గరికి వచ్చేసరికి సౌలు, ప్రభువు ఆజ్ఞ నెరవేర్చానని గట్టిగా చెప్పాడు. కాని సమూయేలు చెవులకు గొఱ్ఱెల అరుపులు వినబడ్డాయి! ఇదేమిటని అడిగితే సౌలు ఏమన్నాడు? బలి అర్పించడానికే ఉంచామన్నాడు. చూశారా? విధేయతలో ఉన్న రంధ్రాన్ని బలితో కప్పబోయాడు. ఎక్కువ భక్తి పోసి, లోపలి శబ్దాన్ని వినబడకుండా చేయబోయాడు. దేవుడు బలులకంటె మాట వినుటను కోరతాడని ప్రవక్త అతనికి తేటగా చెప్పాడు.

సౌలు చేసింది చోక్ లాగి బండి నడపడమే!

ఇక నా సంగతి చెప్పాలి. మా నాన్నగారికి ఇద్దరు కొడుకులం. అన్నయ్య రాజాంలో ఉంటాడు. ఆ కారును 20 ఏళ్ళు చూసుకున్నది అన్నయ్యే. ప్రతి సంక్రాంతికీ బానెట్ ఎత్తి, మానిఫోల్డు నట్లు ఒక్కొక్కటే చూసి, చోక్ తీగకు చుక్క ఆయిలు వేసేవాడు. నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఇంటి స్థలం దగ్గర మాటామాటా పెరిగింది. ఆ కోపంలో అన్నయ్య, “స్థలం సంగతి తరువాత, బండి అయినా నాకియ్యి” అన్నాడు. నేను, “కాగితాలు నా పేరున ఉన్నాయి” అన్నాను. అంతే. ఆరేళ్ళు మాటలు లేవు. అన్నయ్య కూతురి పెళ్ళి నాకు ఇతరుల నోట తెలిసింది.

ఆ ఆరేళ్ళలో నేను ప్రసంగించడం మానలేదు. ఇంకా ఎక్కువ ప్రసంగించాను. కూటములు పెంచాను, ఉపవాస ప్రార్థనలు పెంచాను, గొంతు పెంచాను. క్షమాపణ గూర్చి చెప్పి ఏడ్చాను, ఏడిపించాను. సంఘమంతా అయ్యగారికి భారం ఎక్కువైందన్నారు. ప్రియులారా, అది భారం కాదు. బట్టల క్లిప్పు పెట్టి లాగి ఉంచిన చోక్. రాత్రి ఇంటికి వచ్చి దీపం ఆర్పి ఒంటరిగా పడుకున్నప్పుడు లోపల “స్స్” మని శబ్దం వినబడేది. పగలు వేగంలో వినబడేది కాదు.

మేస్త్రి చూపించిన ఆ గాస్కెట్టు ఎందుకు చెడిందో తెలుసా? వెనుక నట్టు వదులైంది. వదులైన చోట అతుకు కదిలి కదిలి కాలిపోయింది. ఆరేళ్ళుగా ఆ నట్టును ఎవరూ చూడలేదు. చూసేవాణ్ణి నేనే దూరం చేసుకున్నాను.

ఇప్పుడు ఆ మేస్త్రి బాగు చేసిన విధానంలో నుండి మూడు సంగతులు మీ ముందు ఉంచుతాను.

మొదటిది: చల్లారనిచ్చి, నాననిచ్చి విప్పాలి. ఆయన వేడి ఇంజను మీద చెయ్యి వేయలేదు. బ్యాటరీ తీగ తీసేశాడు. ఎయిర్ క్లీనరు, కార్బురేటరు, చోక్ తీగ విప్పి పక్కన పెట్టాడు. మానిఫోల్డు పట్టి ఉంచే స్టడ్లు తుప్పు పట్టి ఉంటే వాటి మీద ఆయిలు వేసి రాత్రంతా వదిలేశాడు. నేను తొందరపెట్టాను. “బలవంతంగా తిప్పితే స్టడ్డు లోపలే విరిగిపోద్దండి. అప్పుడు అసలు పని కంటే ఆ పని పెద్దది” అన్నాడు. కుటుంబాల్లో తుప్పు పట్టిన మాటలున్నవారు ఇది గమనించండి. కోపం వేడి మీద ఉండగా తగవు విప్పబోతే విరిగేది స్టడ్డే. ముందు ప్రార్థన అనే నూనె వేయండి. ఒక రాత్రి ఆగండి. ఆగమన్నాను గాని మానమనలేదు. ఆ మేస్త్రి మరునాడు తెల్లవారగానే స్పానరు పట్టుకున్నాడు.

రెండవది: పాతది పూర్తిగా గీకాలి. మానిఫోల్డు ఊడి వచ్చాక ఇంజను ద్వారాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, చెత్త లోపల పడకుండా చేసి, కాలిపోయి అంటుకున్న పాత గాస్కెట్టును ముక్క మిగలకుండా గీకాడు. దాని మీదనే కొత్తది పెట్టి గట్టిగా బిగిస్తే సరిపోదా అన్నాను. నావైపు జాలిగా చూశాడు. తరువాత ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి, కింద సన్నని రేకులు దూర్చి, మానిఫోల్డు ముఖం వంగిందా లేదా చూశాడు. వెనుక కొన వంగి ఉంది. లేతు షాపుకు పంపి ముఖం చదును చేయించాడు. అప్పుడే విశాఖపట్నం నుండి తెప్పించిన కొత్త గాస్కెట్టు పెట్టాడు. దాని ధర మూడు లీటర్ల పెట్రోలుకు మించలేదు. నాలుగు నెలల్లో నేను తగలేసిన పెట్రోలు ఎంతో నేను లెక్క కట్టలేదు.

గరివిడి వారికి, ఆ చుట్టుపక్కల గనుల్లో, కొలుముల్లో పని చేసినవారికి ఇంకొక సంగతి తెలుసు. మన ప్రాంతపు మాంగనీసు ఉక్కులో ఎందుకు కలుపుతారు? ఇనుములో కంటికి కనబడని గంధకం దాగి ఉంటే, కాల్చి సాగదీసేటప్పుడు ఉక్కు పగులుతుంది. మాంగనీసు ఆ గంధకాన్ని పట్టుకొని దాని కీడును అణచివేస్తుంది. అయితే ఆ పని ఇనుము కరిగి ఉన్నప్పుడే జరగాలి. చల్లారిన కడ్డీ మీద ఎంత రంగు పూసినా లోపలి గంధకం ఏమీ కాదు. దాగిన దోషములనుండి తన్ను నిర్దోషినిగా చేయమని దావీదు పంతొమ్మిదవ కీర్తనలో వేడుకున్నది ఇందుకే. హృదయము కరిగి ఉన్నప్పుడే దేవుని పనికి సమయము.

మూడవది: కొద్దికొద్దిగా, మళ్ళీ మళ్ళీ బిగించాలి. కొత్త గాస్కెట్టు పెట్టి నట్లన్నీ ముందు చేతితో తిప్పాడు. తరువాత మధ్య నట్టు నుండి మొదలుపెట్టి రెండు కొసల వైపు పోతూ కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే రెండవ కొస లేచిపోతుంది. బండి నడిపి, వేడెక్కి, చల్లారిన తరువాత మరొకసారి తెమ్మన్నాడు. తీసుకువెళ్ళాను. నిజంగానే నట్లు కొంచెం తిరిగాయి! ఒక్క కన్నీటి ప్రార్థనతో, ఒక్కసారి చేయి కలపడంతో సమాధానం బిగిసిపోయిందనుకోకండి. వేడి తగిలిన తరువాత మళ్ళీ చూసుకోవాలి.

చివరగా చోక్ దగ్గరికి వచ్చాడు. తీగ లోపల తుప్పు పట్టి, పోగులు తెగి ఉంది. జెట్టును తిరిగి పైకి లాగే స్ప్రింగు నెలల తరబడి సాగి బలహీనమైపోయింది. రెండూ మార్చాడు. తీగను మరీ బిర్రుగా కట్టలేదు. గుండీ దగ్గర కొంచెం వదులు ఉంచాడు. “గుండీ లోపలికి పోయింది కదా అని చోక్ మూసుకుపోయిందనుకోకండయ్యగారూ. ఒకసారి బానెట్ ఎత్తి జెట్టు పైకి పోయిందో లేదో కళ్ళారా చూడండి” అన్నాడు. పాడైన ఆయిలు తీసి కొత్తది పోశాడు. ఇంజను లేపి, వేడెక్కాక, ఆ గుండీని నన్నే లోపలికి నెట్టమన్నాడు.

నెట్టాను. ఇంజను ఆగలేదు. గేజి ముల్లు 18 మీద నిలిచింది. బుస లేదు.

ప్రియులారా, ఆ బట్టల క్లిప్పు నా చేతిలో పెట్టాడు. నేను జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి మత్తయి సువార్త ఐదవ అధ్యాయము తెరిచాను. బలిపీఠము దగ్గర అర్పణము పట్టుకొని నిలబడినవానికి, తన మీద సహోదరునికి విరోధమేమైన ఉన్నదని జ్ఞాపకం వస్తే ఏమి చేయాలో ప్రభువు అక్కడ చెప్పాడు. అర్పణము అక్కడే విడిచిపెట్టి, ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. అర్పణము ఇంకొంచెం పెంచమని ఆయన చెప్పలేదు! ఎంత ప్రసంగించినా, ఎంత కానుక వేసినా ఆ “ముందు” అనే మాటను దాటలేము.

తెల్లవారి నేను రాజాం బయలుదేరాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిప్పుదామనుకున్నాను. ఇంటి ముందు బండి ఆపేసరికి వదిన గుమ్మంలో ఉంది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. అన్నయ్య బయటికి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నావైపు చూడలేదు. తిరుగుతున్న ఇంజను వైపు చెవి పెట్టి కాసేపు విని, “మానిఫోల్డు విప్పించావేట్రా?” అన్నాడు.

ఆరేళ్ళ తరువాత మా అన్నయ్య నాతో అన్న మొదటి మాట అది. నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ పోయాయి. “అన్నయ్యా, ఆ రోజు కాగితాల మాట అని తప్పు చేశాను. క్షమించు” అని మాత్రం అన్నాను. తాళం చెవి, కాగితాలు అరుగు మీద పెట్టాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. వదిన రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టింది. అప్పుడన్నాడు: “బండి నీకే పని. తీసుకుపో. సంక్రాంతికి ఒకసారి తీసుకురా, నట్లు చూత్తాను.”

స్థలం సంగతి ఇంకా తేలలేదు శ్రోతలారా. అబద్ధం చెప్పను. దానికి పెద్దలు కూర్చోవాలి. కొన్ని మాటలకు ఇంకా తుప్పు ఉంది. కాని రెండు సంక్రాంతులు గడిచాయి. రెండుసార్లూ బండి రాజాం వెళ్ళింది. రెండుసార్లూ అన్నయ్య చేతిలో స్పానరు, నా చేతిలో దీపం. మొదటిసారి ఒక నట్టు అర చుట్టు తిరిగింది. రెండవసారి ఏదీ తిరగలేదు.

ఈ ఉదయకాలమున నా మాట వింటున్న నీవు ఒకసారి కాలు తీసి, నీ ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి విను. ఉద్యోగ వేగంలో, సేవ వేగంలో, పిల్లల చదువుల వేగంలో అది వినబడదు. నూతనముగా ప్రభువును తెలుసుకున్నప్పుడు నీకు కలిగిన ఉద్రేకము, కన్నీరు, ఉజ్జీవ కూటాల్లో కలిగిన ఉత్సాహము దేవుడిచ్చినవే. చల్లని హృదయము లేవడానికి అవి కావాలి. కాని సంవత్సరాలు గడిచినా అవి లాగి పట్టుకుంటేనే గాని నీ భక్తి నడవకపోతే, గుండీ లోపలికి నెట్టగానే ఆగిపోతే, లోపం నీ ఉత్సాహంలో లేదు. ఎక్కడో అతుకు వదులైంది. తోబుట్టువుతోనా? భార్యతోనా? అప్పు తీసుకొని ముఖం చాటేసినవాని దగ్గరా? దేవుని సన్నిధిని ఆ చోటు మీద వేలు పెట్టు. ఆ తరువాత మోకాళ్ళ మీదనుండి లేచి ఆ ఇంటికి వెళ్ళు. ఆదివారం కంటే ముందు వెళ్ళు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా పెదవుల శబ్దం వెనుక మా హృదయాల శబ్దాన్ని వింటున్న దేవా, నీకు స్తోత్రములు. సౌలువలె అర్పణలతో మా అవిధేయతను కప్పుకున్నందుకు మమ్మును క్షమించుము. ఏ చోట వదులైపోయామో చూపించుము. తుప్పు పట్టిన మాటలను నీ ఆత్మ అనే తైలముతో నాన్చుము. వెళ్ళవలసిన ఇంటికి వెళ్ళడానికి కాళ్ళకు బలము, అడగవలసిన మాట అడగడానికి నోటికి ధైర్యము దయచేయుము. ఈ ఉదయం వింటున్నవారిలో, వెళ్ళాలని ఉన్నా గుమ్మం ఎక్కనివ్వరేమోనని భయపడుతున్నవారికి ముందుగా నీవే ఆ గుమ్మంలో నిలువుము. యేసుక్రీస్తు పరిశుద్ధ నామములో అడిగి వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.